గుట్ట మీది పెట్టె ఎవరి మాట వినాలి

వైర్‌లెస్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు యలహంకలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు. నా పాత మీటర్లను తిప్పి తిప్పి చూస్తారు. చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "మేడమ్, ఏది కొంటే మంచిది?" నాకు చిర్రెత్తుకొస్తుంది. ఎక్కడ పెడతారు, ఎవరు వాడతారు, అది మొరాయించిన రోజున ఎవరి మీదికి వస్తుంది, ఇవేవీ చెప్పకుండా ఏది మంచిదంటే ఏం చెప్పేది? నేనేమన్నా చీరల కొట్లో కూర్చున్నానా?

నేను ముప్పై ఏళ్లకు పైగా బెంగుళూరులో ఒక వైర్‌లెస్ సర్వీసు కంపెనీలో పనిచేశాను. ఫ్యాక్టరీలకు, ఆసుపత్రులకు, గోడౌన్లకు వాకీటాకీ సెట్లు అమర్చడం, పాడైతే బాగుచేయడం మా పని. హిందూపురం నుంచి వచ్చిన ఆడపిల్ల టవరెక్కుతుందా అని నవ్వినవాళ్లున్నారు. ఎక్కాను. వాళ్లు కింద నిలబడి చూశారు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇక్కడ రాయను. అవి నాకే గుర్తులేవు.

ఉద్యోగంలో ఉండగా ఏ యంత్రం పెట్టాలో తేల్చే పని చాలాసార్లు నా మీద పడింది. కానీ నన్ను అన్నిటికన్నా భయపెట్టిన ఎంపిక రిటైరయ్యాకే వచ్చింది. జీతం లేదు, పై అధికారి లేడు. మా హామ్ రేడియో క్లబ్బు రిపీటర్‌కు ఒక కంట్రోలర్ ఎంచాలి, అంతే. అయితే ఆ పెట్టెను నమ్ముకుని మా క్లబ్బు పిల్ల భార్గవి కొండకు పోతానంది. అది సరిగా పనిచేయకపోతే ఆమె ప్రాణానికే ముప్పు. ఆ సంగతి మొదటి రోజు నుంచీ నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

మేస్త్రీ లాంటి పెట్టె

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. హామ్‌లంటే లైసెన్సు తీసుకుని సరదాకీ, సేవకీ రేడియోలో మాట్లాడుకునేవాళ్లం. చేతిలో పట్టే సెట్టు మాట ఎంతో దూరం పోదు, మధ్యలో కొండ అడ్డొస్తే అక్కడే ఆగిపోతుంది. అందుకని ఎత్తైన గుట్ట మీద రిపీటర్ అనే యంత్రం పెడతాం. అది ఒక ఫ్రీక్వెన్సీ మీద మన మాట విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా పలుకుతుంది. దాంతో కొండకు ఇటున్నవాళ్లూ అటున్నవాళ్లూ మాట్లాడుకోగలుగుతారు.

కంట్రోలర్ ఆ రిపీటర్‌కు మేస్త్రీ. ఎవరి సెట్టుకు గేటు తెరవాలి, ఎవరికి తెరవకూడదు, ఎవరైనా బటన్ నొక్కి వదలకపోతే ఎంతసేపు ఓర్చుకోవాలి, కరెంటు పోయి వచ్చాక ఎలా లేవాలి, ఇవన్నీ దాని చేతిలో ఉంటాయి. రేడియోలో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. ఒకరి బటన్ ఇరుక్కుపోయిందంటే మిగతా ఊరంతా నోరు కట్టేసుకుని కూర్చోవాల్సిందే. ఆ ఇరుక్కున్న మనిషికేమో తన సెట్టు మాట్లాడుతోందని కూడా తెలియదు, ఎందుకంటే బటన్ నొక్కి ఉన్నంతసేపూ అతనికి ఏమీ వినపడదు.

పోయిన ఏడు వానాకాలంలో పిడుగు దెబ్బకు మా గుట్ట మీది పాత కంట్రోలర్ మాడిపోయింది. చలికాలంలో కొండల్లో పరుగు పందెం ఉంది. ఆ దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఏటా మా క్లబ్బువాళ్లే చెక్‌పాయింట్ల దగ్గర సెట్లు పట్టుకుని కూర్చుని కబుర్లు అందిస్తారు. ఆలోగా కొత్తది పెట్టాలి.

అత్తిబెలెలో నేర్చుకున్నది

ఇక్కడ నా పాత బాస్ నంజుండప్ప సార్ గురించి చెప్పాలి. కన్నడాయన, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. నేను చేరిన కొత్తలో ఒక సెట్టును తెగ మెచ్చుకుంటుంటే విని, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి అన్నాడు: "సువర్ణా, మిషన్ నడిచేటప్పుడు అన్నీ చెన్నాగే ఉంటాయమ్మా. నిలిచిపోతే ఏం చేస్తాదో అది అడుగు ఫస్టు. ఆ టైంలో అది ఎవురి మాట వింటాదో అది అడుగు." ఇంజనీరింగ్‌లో నాకు ఇంతకన్నా పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఆయన చెప్పిన మాటను ఆయనే ఒకసారి పాటించలేకపోయాడు. అత్తిబెలెలో ఒక రసాయనాల ఫ్యాక్టరీకి రిపీటర్ పెడుతున్నాం. నేను గీసిన ప్లానులో రెండో రిసీవర్ ఒకటి ఉంది. దాన్ని నేను దొడ్డివాకిలి అనేదాన్ని. ఎవరి బటన్ అయినా ఇరుక్కుని ముందు వాకిలి మూసుకుపోతే, వేరే ఫ్రీక్వెన్సీ మీద వెనక నుంచి వచ్చి కంట్రోలర్‌కు ఆజ్ఞ ఇవ్వడానికి. ఫ్యాక్టరీ మేనేజర్ దాన్ని చూసి ముఖం చిట్లించాడు. "ఇదెందుకు, సుమ్నే దండగ?" అన్నాడు. నంజుండప్ప సార్ వెంటనే పెన్ను తీసి దాన్ని కొట్టేశాడు. నేను అక్కడే గొడవపడ్డాను. కారులో తిరిగొచ్చేటప్పుడు కూడా గొడవపడ్డాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు అక్కడ గ్యాసు పైపు లీకైంది. అదే సమయంలో క్రేన్ నడిపే అతని సెట్టు బెల్టుకూ సీటుకూ మధ్య నలిగి బటన్ ఇరుక్కుంది. క్రేన్ చప్పుడు తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు. లోపల మునిరాజు అనే పనివాడున్నాడు. బయటికి రమ్మని అతనికి చెప్పడానికి దారి లేదు. వాసన పట్టి తనే బయటికొచ్చాడు గానీ, ఆలస్యమైంది. ప్రాణం దక్కింది, ఊపిరితిత్తులు దక్కలేదు. ఆ తర్వాత అతను మెట్లు ఎక్కలేకపోయేవాడు.

నంజుండప్ప సార్ చెడ్డవాడు కాదు. చేతిపనిలో ఆయనంతటి వాడిని నేను చూడలేదు. కస్టమర్ ముఖం మాడితే మాత్రం తట్టుకోలేడు. ఈ వృత్తిలో చాలామంది మంచివాళ్లు సరిగ్గా అక్కడే జారతారు. తెలియక కాదు, ఎదురుగా కూర్చున్న మనిషికి కాదని చెప్పలేక. మీరు కూడా ఏదో ఒకరోజు అలాంటి బల్ల ముందు కూర్చుంటారు.

శేషగిరిరావు గారి ఆదివారం

మా క్లబ్బు సెక్రటరీ శేషగిరిరావు గారు బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు, తెనాలి వైపు మనిషి. ప్రతి ఆదివారం పొద్దున హామ్‌లంతా రిపీటర్ మీద పలకరించుకుంటాం. వంతులవారీగా మాట్లాడుకుంటాం. ఆయన వంతు వచ్చిందంటే నేను పప్పు పొయ్యి మీద పెట్టి రావచ్చు. కాశీయాత్ర, మోకాలి ఆపరేషన్, అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికలు, అన్నీ వస్తాయి.

పాత కంట్రోలర్‌లో మూడు నిమిషాల గడువు ఉండేది. ఎవరైనా ఆపకుండా మూడు నిమిషాలు మాట్లాడితే అది గొంతు నొక్కేస్తుంది. బటన్ ఇరుక్కుంటే రిపీటర్ కాలిపోకుండా ఆ ఏర్పాటు. పాపం శేషగిరిరావు గారు కాశీలో గంగ దాకా వచ్చేసరికి అది టప్పున కోసేసేది. ఆయనకు తెలియక ఇంకా మాట్లాడుతూనే ఉండేవారు. ఆయన బటన్ వదిలాక ఎవరో ఒకరు నవ్వు ఆపుకుంటూ, "సార్, మీరు స్నానానికి దిగినారు గానీ పైకి రాలేదు" అనేవారు. అందరికీ తమాషాగానే ఉండేది, ఆయనకు తప్ప.

అందుకని ఆయన ఒక కొత్త కంట్రోలర్ చూసి పెట్టుకున్నారు. నల్లగా నిగనిగలాడుతోంది. ఫోన్‌లో యాప్ నొక్కితే పనిచేస్తుంది. కన్నడంలో, ఇంగ్లీషులో శుభోదయం చెబుతుంది, వాతావరణం చెబుతుంది, ఇంటర్నెట్ మీదుగా ఇంకో దేశంతో కలుపుతుంది. ఆయనకు నచ్చింది ఇవేవీ కావని నాకు తెలుసు. అందులో గడువు పూర్తిగా తీసేయొచ్చు.

నేను చూసింది బూడిదరంగు పెట్టె. మాట్లాడదు, పాడదు. ముందువైపు నాలుగు చిన్న దీపాలు. గడువును ఎవరూ తీసేయలేరు. కరెంటు పోయి వస్తే ఎవరినీ ఏమీ అడగకుండా, పోయేముందు ఎలా ఉందో అలాగే లేస్తుంది. వెనక దొడ్డివాకిలి ఉంది.

భార్గవి

భార్గవి మదనపల్లె అమ్మాయి. మడివాళలో పీజీలో ఉంటూ ఒక గార్మెంట్ కంపెనీలో లెక్కలు చూస్తుంది. లైసెన్సు పరీక్షకు నా దగ్గరే చదువుకుంది. చురుకైన పిల్ల, మొండిది. ఒకసారి ఆఫీసు కిటికీకి పట్టిన తేనెపట్టు నుంచి ఒక్క ఈగ వచ్చి కుట్టింది. కాసేపటికే గొంతు వాచి, ఊపిరి ఆడక, ఆసుపత్రిలో పడింది. ఇంకోసారి కుడితే వెంటనే సూదిమందు పడాలని డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు.

అలాంటిది కొండల్లో నాలుగో చెక్‌పాయింట్‌కు తనే పోతానని పేరిచ్చింది. ఆ రాళ్లకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. నేను కేకలేశాను.

"బెంగుళూరులో మాత్రం తేనెటీగలు లేవా అక్కా? ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక పట్టు ఉండాది. ఇంట్లోనే కూచోమంటావా?"

"ఈడ ఆసుపత్రి పక్కనే ఉండాదే!"

"ఆడ డాక్టర్ జీపు ఉండాది కదా. సూదిమందు ఆ జీపులోనే ఉంటాది. నేను పిలిస్తే వస్తాది." నా వైపు తిరిగింది. "నేను పిలిస్తే జీపుకు వినపడాల, అంతే. ఆ పెట్టె పనిచేస్తాదా అక్కా? నేను దాన్నే నమ్ముకొని పోతా ఉండా."

ఒక పిల్ల మొహం ఎదురుగా పెట్టుకుని యంత్రాన్ని ఎంచాల్సి రావడం నాకు అదే మొదటిసారి.

మా ఇంట్లో పంచాయితీ

రెండు పెట్టెలూ మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, చిన్న రిపీటర్ ఒకటి కట్టి, కమిటీని పిలిచాను. శేషగిరిరావు గారు వచ్చారు. భార్గవి వచ్చింది. ఆమెతో పాటు నాలుగో చెక్‌పాయింట్‌కు పోబోయే సలీమ్ వచ్చాడు. సలీమ్‌ది కర్నూలు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు, మాట మొదలుపెడితే ఆపడు. పందెంలో రన్నర్లకు నీళ్లు మోసే టెంపోతో పోయే ప్రకాశ్ కూడా వచ్చాడు. మడివాళలో అతనికి సొంతంగా పీజీ హాస్టల్ ఉంది.

ముందు నల్ల పెట్టె. సలీమ్‌కు ఒక సెట్టు ఇచ్చి బటన్ నొక్కి పట్టుకోమన్నాను. "సార్, ఇప్పుడు దీన్ని మూయండి" అన్నాను. శేషగిరిరావు గారు చిరునవ్వుతో ఫోన్ తీసి యాప్ నొక్కారు. టక్కున మూసుకుంది. అందరూ బాగుందన్నారు. నేను లేచిపోయి గోడకున్న వై-ఫై పెట్టె ప్లగ్గు పీకి వచ్చాను. "ఇప్పుడు మూయండి."

ఆయన నొక్కారు. మళ్లీ నొక్కారు. ఫోన్ మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. సలీమ్ బటన్ వదలలేదు. సరిగ్గా అప్పుడే ఎయిర్‌ఫోర్స్ విమానం ఒకటి ఇంటి మీదుగా పోయింది, కిటికీలు గడగడలాడాయి.

"ఇదేం న్యాయమండీ సువర్ణ గారూ?" ఆయన ముఖం ఎర్రబడింది. "ఇంట్లో ఇంటర్నెట్ పీకేసి పరీక్ష పెడతారా?"

"కొండ మీద ఇంటర్నెట్ ఎవురు పెట్టినారు సార్?"

"గుట్ట మీద పెట్టిద్దాం. నేను మాట్లాడతాను."

"గుట్ట మీద పెడితే సరిపోదు. మూయమని చెప్పే మనిషి చేతిలో కూడా సిగ్నల్ ఉండాల కదా. పందెం పొద్దు మనం కూచునే పల్లె బడి దగ్గర ఒక్క ఫోనూ పలకదు."

తర్వాత బూడిదరంగు పెట్టె. సలీమ్ మళ్లీ బటన్ నొక్కిపట్టాడు. నేను ఇంకో సెట్టు తీసుకుని, వేరే ఫ్రీక్వెన్సీ మీద నంబర్లు నొక్కాను. పెట్టె కీచుమని ఒక్క కూత కూసి, సలీమ్‌కు గేటు మూసేసింది. ప్రతి సెట్టూ మాటతో పాటు చెవికి వినపడని ఒక సన్నని నాదం పంపుతుంది. రిపీటర్ దాన్ని బట్టే గేటు తెరుస్తుంది. నేను చేసింది ఆ గుర్తును మార్చడమే. సెట్టు మీది చానల్ బిళ్లను, కొత్త నాదం పెట్టిన రెండో చానల్‌కు తిప్పినవాళ్లకే గేటు. భార్గవి తిప్పి మాట్లాడింది, స్పష్టంగా వినపడింది.

శేషగిరిరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. కోపం తగ్గి గొంతు చిన్నబోయింది. "బ్యాంకులో నేను మాట్లాడుతుంటే హాలంతా ఆగి వినేదండీ. ఇప్పుడు ఒక రేకుడబ్బా నా గొంతు నొక్కుతోంది. మీకు నవ్వులాటగా ఉంటుంది."

నాకు నిజంగా జాలేసింది. అన్నాళ్లూ మేం నవ్వినందుకు సిగ్గుగా కూడా అనిపించింది. గడువు కాస్త పెంచుదామా అన్న మాట నోటిదాకా వచ్చింది. నంజుండప్ప సార్ పెన్ను కదిలిన తీరు గుర్తొచ్చి మింగేశాను. అప్పుడు భార్గవి అంది, "సార్, కొండకు పోయేది నేను. నన్ను అడగండి."

శేషగిరిరావు గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "సరే, ఆ బూడిదరంగుదే పెట్టండి. ఆ రోజు ఏమన్నా తేడా వస్తే మాత్రం జవాబు మీరే చెప్పాలి."

"నేనే చెప్తా" అన్నాను.

పందెం దాకా అందరి చేతా అభ్యాసం చేయించాను. రిపీటర్ ఉన్నట్టుండి మూగబోతే, పిలిస్తే పలకకపోతే, ఆలోచించకుండా రెండో చానల్‌కు తిప్పండి అని. "అక్కా, మా స్కూల్ డ్రిల్ మాస్టర్ కూడా మీకన్నా మేలు" అని సలీమ్ నవ్వాడు. భార్గవి మాత్రం కళ్లు మూసుకుని వేలితో తిప్పి చూసుకుంది.

ప్రకాశ్ కబుర్లు

పందెం రోజు పొద్దున్నే పల్లె బడి వరండాలో బేస్ పెట్టి, బల్ల వేసుకుని కూర్చున్నాం, నేనూ శేషగిరిరావు గారూ. డాక్టర్ మేరీ జీపు దారి మధ్యలో, మూడో చెక్‌పాయింట్ దాటి ఒక మలుపులో ఆగి ఉంది. ఎండ బాగా ఎక్కేదాకా అంతా సవ్యంగా నడిచింది. ఒకరికి కాలు బెణికింది, ఇంకొకరు దారి తప్పి తిరిగొచ్చారు.

అప్పుడు స్పీకర్లో ప్రకాశ్ గొంతు వచ్చింది. మాతో కాదు. "చూడప్పా, ఇడ్లీ పెడితే దోసె కావాలంటారు. దోసె పెడితే, ఇది మా ఊరి దోసె కాదంటారు. ఒకడు చెప్పకుండా రూమ్ ఖాళీ చేసి పోయినాడు, బకెట్టు కూడా ఎత్తుకపోయినాడు..." వెనక టెంపో ఇంజను చప్పుడు, డ్రైవర్ నవ్వు. మైకు నీళ్ల క్యాన్ కింద ఎక్కడో నలుగుతోంది. బటన్ ఇరుక్కుంది.

"ప్రకాశ్, బటన్! బటన్!" అని శేషగిరిరావు గారు మైకులో అరిచారు. అతనికి వినపడదు కదా. కొండంతా ప్రకాశ్ హాస్టల్ కష్టాలు వింటోంది. మూడు నిమిషాలు అయ్యేసరికి కంట్రోలర్ టప్పున కోసేసింది. నిశ్శబ్దం. నేను పెద్ద బ్యాటరీకి తగిలించి ఉన్న రెండో సెట్టు తీసి దొడ్డివాకిలి నంబర్లు నొక్కాను.

కూత రాలేదు.

మళ్లీ నొక్కాను. రాలేదు. ఇంట్లో పనిచేసింది, గుట్ట మీద అమర్చిన రోజు పనిచేసింది. ఇప్పుడెందుకు రాదు? తలెత్తి చూస్తే పైన వరండా రేకులు. గుట్టకూ నాకూ మధ్య ఇనుప కప్పు పెట్టుకుని కూర్చున్నాను. సెట్టు పట్టుకుని మైదానంలోకి పరిగెత్తబోతే బ్యాటరీ తీగ గుంజింది. శేషగిరిరావు గారు ఏమీ అడగలేదు. ఆ బరువు బ్యాటరీ భుజానికెత్తుకుని నా పక్కనే నడిచారు, ఆపరేషన్ చేయించుకున్న మోకాలితోనే. ఆ పొట్టి తీగకు కట్టేసినట్టు ఇద్దరం కలిసి మైదానం మధ్యకు పోయాం. నొక్కాను. గుట్ట వైపు నుంచి సన్నగా కూత వచ్చింది.

"రెండో చానల్. అందరూ హాజరు చెప్పండి. ఒకటి?"

"ఒకటి, బాగుండాం."

రెండు పలికింది. మూడు పలికింది. డాక్టర్ మేరీ పలికారు. ఐదు బాగా గరగరమంటూ వచ్చింది. ప్రకాశ్ సెట్టు ఇంకా కూస్తూనే ఉంది కాబట్టి ఆ గోల మీదుగా రావాలి. అదృష్టవశాత్తూ టెంపో కొండకు అవతల పల్లంలో ఉంది, దాని బలం తక్కువ. మిగిలింది ఒక్కటే. "నాలుగు?"

నాలుగు పలకలేదు.

"నాలుగు. భార్గవీ. సలీమ్. నాలుగు?"

గుట్టకు నేరుగా ఎదురుగా ఉండేది నాలుగోదే. అన్నిటికన్నా బాగా వినపడాల్సింది అదే. చానల్ మార్చడం మరిచారా? బ్యాటరీ అయిపోయిందా? లేక నేను భయపడుతున్నదేనా? శేషగిరిరావు గారు నా ముఖం వైపు చూడకుండా గుట్ట వైపే చూస్తున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. జవాబు మీరే చెప్పాలన్న మాట నా చెవిలో మోగుతోంది. ఆ పిల్ల తల్లికి నేనేం చెప్పను? "డాక్టర్, మీరు నాలుగు వైపు కదలండి" అన్నాను. ఏమీ జరగకపోతే నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

"కదులుతున్నాను" అన్నారు డాక్టర్ మేరీ. అంతలో స్పీకర్ పగిలినట్టు సలీమ్ గొంతు.

"బేస్! అక్కా! తేనెటీగలు అక్కా, రన్నర్లు ఎవురో రాయి మీదికెక్కినారు, పట్టు కదిలింది, అన్నీ లేచినాయి, భార్గవికి కుట్టినాయి, మొహమంతా వాచింది, మాట రాలేదు, నేను ఎంత పిలిచినా ఎవురూ..."

"సలీమ్!" గట్టిగా అరిచాను. అతను బటన్ వదిలాడు కాబట్టి విన్నాడు. "ఒక్కటి చెప్పు. దారి చీలిన దగ్గర జీపు ఎడమకా, కుడికా?"

"ఎడమ."

"విన్నాను" అన్నారు డాక్టర్. "ఆమెను నడిపించొద్దు. ఊపిరి తీసుకోవడానికి ఎలా వీలుగా ఉంటే అలా ఉంచు. నేను వచ్చేస్తున్నా."

ఆ తర్వాత డాక్టర్ కోసం చానల్ ఖాళీగా ఉంచాం. మైదానంలో ఎండలో ఇద్దరం నిలబడ్డాం. ఎంతసేపో నాకు తెలియదు. దేవుళ్లను తలుచుకోవడం నాకు పెద్దగా అలవాటు లేదు. ఆ రోజు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను.

"బేస్, డాక్టర్." ఆవిడ ఆయాసపడుతున్నారు. "సూది వేశాను. రెండోది కూడా వేయాల్సొచ్చింది. ఊపిరి అందుతోంది. కళ్లు తెరిచింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

నేను జవాబివ్వాలి. బొటనవేలు బటన్ మీదే ఉంది గానీ నొక్కడం రాలేదు. ఏడుపొచ్చేసింది. సర్వీసంతా ఎప్పుడూ సెట్టు ముందు ఏడవలేదు. శేషగిరిరావు గారు నా చేతిలోంచి మైకు తీసుకుని, "అందింది డాక్టర్ గారూ, చానల్ మీకే వదిలేశాం" అన్నారు. బ్యాటరీ ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

ఎవరిని తిట్టాలి

జరిగిందేమిటో సాయంత్రం సలీమ్ చెప్పాడు. మొదట పిలిచింది పాత చానల్ మీదే. ఎన్నిసార్లు నొక్కినా జవాబు లేదు. యంత్రం చచ్చిపోయిందనుకున్నాడు. నేను అన్నాళ్లు చేయించిన అభ్యాసం ఆ గాభరాలో ఒక్కటీ గుర్తురాలేదు. భార్గవికి కళ్లు వాచి మూసుకుపోయాయి, గొంతు పెగలడం లేదు. చెయ్యి చాచి తడుముకుంటూ అతని మణికట్టు పట్టుకుని, సెట్టు మీది బిళ్లను ఆమే తిప్పింది. "నీళ్లు అడుగుతా ఉందేమో అనుకున్నానక్కా" అని సలీమ్ చెబుతూ తల దించుకున్నాడు.

ప్రకాశ్‌కు ఐదో చెక్‌పాయింట్‌లో క్యాన్లు దించేటప్పుడు మైకు కనబడింది. ముందు తన హాస్టల్ కబుర్లు అందరూ విన్నారని సిగ్గుపడ్డాడు. భార్గవి సంగతి తెలిశాక టెంపో మెట్టు మీద కూలబడిపోయాడు. కొందరు అతన్ని తిట్టాలని చూశారు, నేను ఒప్పుకోలేదు. బటన్లు ఇరుక్కుంటాయి. మనుషులు వాటి మీద క్యాన్లు పెడతారు, బెల్టులు బిగిస్తారు, కూర్చుంటారు. సలీమ్ లాంటి తెలివైనవాడు కూడా గాభరాపడతాడు. పిల్లలూ, ఇదంతా జరుగుతుందని ముందే ఒప్పుకుని పెట్టెను ఎంచండి. ఎవరూ తప్పు చేయకపోతే బ్రహ్మాండంగా పనిచేసే యంత్రాన్ని ఎవరైనా అమ్ముతారు. ఆ రోజు గుట్ట మీద నల్ల పెట్టె ఉండి ఉంటే, ప్రకాశ్ క్యాన్ ఎత్తేదాకా మేమంతా అతని దోసెల కథ వింటూ కూర్చునేవాళ్లం.

నా తప్పుల్ని కూడా లెక్కేసుకోండి. రేకుల కింద కూర్చుని ఆజ్ఞ పంపాను. ఇంట్లో అన్నీ పరీక్షించాను గానీ, నేను కూర్చోబోయే చోటి నుంచి పరీక్షించలేదు. ఇప్పుడు ఎక్కడికి పోయినా ముందు ఆ పని చేస్తాను.

వాపు తగ్గాక ఒకరోజు భార్గవి మా ఇంటికి వచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. కాఫీ సగం తాగి, మామూలుగా అడుగుతున్నట్టు అంది:

"వచ్చే యేడు కూడా నాలుగుకే నా పేరు రాయి అక్కా."

నాకు ఒళ్లు మండింది. "నీకు బుద్ధుండాదా? ఆ పొద్దు మైదానంలో నా ప్రాణం ఎట్ల కొట్టుకునిందో నీకు తెలుసునా? ఇంక నువ్వు కొండ దిక్కు చూసినావంటే కాళ్లిరగ్గొడతా!"

ఆమె నన్ను తిట్టనిచ్చింది. అంతా అయ్యాక గ్లాసు కింద పెట్టింది.

"అయితే ఆ పెట్టెను ఎవురి కోసం ఎంచినావక్కా? ఇంట్లో కూచునేవాళ్ల కోసమా?"

ఆ ఆదివారమే ఆమెను డాక్టర్ మేరీ దగ్గరికి తీసుకుపోయాను. సూదిమందు తనే వేసుకోవడం నేర్చుకుంది. ఈసారి అది ఆమె సంచిలోనే ఉంటుంది. మళ్లీ చలికాలం దగ్గరికొస్తోంది. నాకు భయంగానే ఉంది, దాచుకోను. అయినా నాలుగో చెక్‌పాయింట్‌కు భార్గవే పోతుంది.